సల్బియా అక్క కారుకి సైలెన్సర్ బిగించిన రోజు

మా కాలవ గట్టు మీద సల్బియా అక్క కారు వస్తోందని తెలుసుకోవడానికి తల తిప్పక్కర్లేదు. ముందు ముక్కుకే తెలిసిపోతుంది. మాడిన వాసన వస్తుంది, ఆ వెనక డబడబమని చప్పుడు వస్తుంది, ఆ తర్వాత నింపాదిగా కారు వస్తుంది. కొన్నప్పుడు ఎర్రగా ఉండేది. ఎండకీ ఉప్పుగాలికీ నిరుటి మిరపకాయ రంగుకి దిగింది. అయినా ఎవరైనా దాన్ని పాత డబ్బా అన్నారంటే అక్క ఊరుకోదు. "డబ్బా అయితే ఏటి? నిన్ను ఎక్కమని బతిమాలిందా?" అంటుంది.

నేను కొబ్బరి తోటలో పడవలు లాగే పని చేస్తాను. మా తాత ఓడెక్కి ఈ దేశం వచ్చి ఇదే చేశాడు, మా నాన్న ఇదే చేశాడు. కోసిన కాయలు పడవలో పోసి, తాడు నడుముకి కట్టుకుని, కాలవ గట్టున నడుస్తూ షెడ్డు దాకా లాక్కుపోవాలి. నడుం ఎప్పుడో అరిగిపోయింది. సాయంత్రం నేను ఇంటికి పోతుంటే అక్క కారు పక్కకొచ్చి ఆగుతుంది. "ఎక్కరా సన్యాసీ, తాడు లేకపోయినా అలా వొంగి నడుస్తావేటిరా?" అంటుంది. అలా ఎక్కీ ఎక్కీ ఆ కారు సంగతీ, ఆవిడ సంగతీ నాకు తెలిశాయి.

అక్క వాళ్ళ నాన్న మా తోటలోనే ట్రాక్టరు నడిపేవాడు. ఆయన పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని పెరిగింది. ఒకసారి ఆయన చెయ్యి విరిగితే, వారం తిరక్కుండా ట్రాక్టరు మళ్ళీ మామూలుగా తిరగడం మొదలుపెట్టింది. చెయ్యి అంత తొందరగా ఎలా అతికిందా అని తోట దొర వచ్చి చూస్తే, సీటు మీద నాన్న టోపీ పెట్టుకుని ఈ పిల్ల కూర్చుంది. అప్పటికి కాళ్ళు సరిగ్గా అందవు. క్లచ్చు తొక్కాలంటే సీటు దిగి నిలబడేది. దొర కాసేపు చూసి, "కాయలు నలక్కుండా తెస్తోందిలే, నడపనీ" అని పోయాడట. ఈ మాట అక్క చెప్పినప్పుడల్లా దొర ఇంకొంచెం పొగుడుతాడు. మొదటిసారి చెప్పినప్పుడు ఒట్టినే చూసి వెళ్ళిపోయాడు.

మనిషి పొట్టి. చేతులు మాత్రం పొడుగు. మొగుడు జమ్రీ బావ పెళ్ళిళ్ళకి వంట చేస్తాడు. వంద మందికైనా వెయ్యి మందికైనా గరిట తిప్పగలడు గానీ, కారు చక్రానికి గాలి కొట్టమంటే చేతులు మురికవుతాయంటాడు. ఇంట్లో నూనె మరకలన్నీ అక్కవి, మసాలా మరకలన్నీ బావవి. ఇద్దరి బట్టలూ ఉతికేది బావే.

ఆ కారుతో అక్క చేసే పని ఒకటుంది. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున్నే దెరామన్ తాతనీ, చీనా వీధి క్వీ లాన్ అత్తనీ ఎక్కించుకుని పట్నం ఆస్పత్రికి పోతుంది. ఇద్దరికీ డయాలసిస్. వాళ్ళు మంచం మీద ఉన్నంతసేపూ అక్క బయట చెట్టు కింద కారులో కునుకు తీస్తుంది. అయ్యాక మళ్ళీ ఎక్కించుకొస్తుంది. అత్త కొడుకు నెలకింతని ఇస్తాడు. తాత తన తోటలో వంకాయలిస్తాడు. మా ఇంట్లో కూడా అవే వంకాయలు. అన్ని వంకాయలు ఎవరు తింటారు?

తగాదా అంతా పొగతో వచ్చింది. వెనక సీటు కింద పొగ గొట్టం తుప్పు పట్టి ఊడిపోయింది. కారు అడుగున ఎక్కడో చిల్లి కూడా ఉన్నట్టుంది, పొగ బయటికి పోవాల్సింది పోయి లోపలికొస్తోంది. అత్త ముక్కుకి రుమాలు కట్టుకుని కూర్చునేది. తాత అద్దం కిందికి దించి, వానైనా ఎండైనా మొహం బయటపెట్టి కూర్చునేవాడు. ఆ శుక్రవారం తిరుగు ప్రయాణంలో వంతెన దగ్గర కారు ఆపించి, దిగి కక్కాడు. ఆస్పత్రిలో శుభ్రం చేసి పంపిన మనిషి, రోడ్డు పక్కన కూలబడ్డాడు.

ఇంటి దగ్గర దిగేటప్పుడు, "సోమారం రాకమ్మా" అన్నాడు.

"రాకపోతే ఎలా ఎల్తావు?"

"ఎల్లను. ఆడ రక్తం కడుగుతున్నారు, దార్లో నువ్వు మసి పూస్తున్నావు. ఎందుకొచ్చిన కర్మ? ఇంటికాడే పడుకుంటాను."

దెరామన్ తాత ఒట్టినే అనే మనిషి కాదు. ముందటి వానాకాలం ఇలాగే ఎవరి మీదో అలిగి ఆస్పత్రి మానేస్తే, ఒళ్ళంతా నీరు పట్టి, ఊపిరాడక, వాకిలి తలుపు ఊడదీసి దాని మీద మోసుకెళ్ళారు. మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంకోసారి అలా అయితే తలుపు మీద వెళ్ళిన మనిషి ప్రాణంతో తిరిగి రాడని డాక్టరు చెప్పాడు. వేరే బండి ఏదైనా చూద్దామంటే, మా గట్టు మీదికి వ్యాన్లు రావు. గట్టు సన్నం, వెనక్కి తిప్పాలంటే ఇళ్ళ ముందు కొబ్బరి దుంగల వంతెనలెక్కాలి, అవి చూసి మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతాయి. తాత అంత దూరం నడవలేడు.

శనివారం అక్క పట్నం పోయింది. షాపువాడు కారు కింద టార్చి వేసి చూసి, "మజ్జన గొట్టం, ఎనక సైలెన్సరూ రెండూ పోయాయి. బండి ఇక్కడొగ్గేయ్, బుధవారం తీసుకెల్లు" అన్నాడట.

"సోమారం పొద్దున్న మా ముసలోణ్ణి నువ్వు ఎత్తుకెల్తావా?" అని అడిగి, సామాను మాత్రం కొనుక్కుని వచ్చేసింది. కంపెనీ సామాను కాదు, బయట తయారుచేసేది. తుప్పు పట్టని ఇనుముతో చేసిన గొట్టం, దానికి సైలెన్సర్ అతికించి ఒకే ముక్కగా ఉంది. అక్క కారుకి సరిపడే కొలతలో వాడి దగ్గరున్నది కుర్రాళ్ళు పందేలకి పెట్టుకునే రకమొక్కటే. వెనక మూతి చూస్తే కొబ్బరి బోండాం పట్టేలా ఉంది. ముందు సీటు పడుకోబెట్టి, మూతి కిటికీలోంచి బయటపెట్టి, ఫిరంగి తెచ్చినట్టు తెచ్చింది.

మా ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ కాలవ ఉంటుంది. కాలవ మీద అడ్డంగా రెండు కొబ్బరి దుంగలుంటాయి. ఒక దుంగ మీద ఎడమ చక్రాలు, ఒక దుంగ మీద కుడి చక్రాలు నడిపించుకుని కారు వాకిట్లోకి తెచ్చుకోవాలి. కారు బాగుచేసుకోవాలన్నా ఆ దుంగలే. కారుని దుంగల మధ్యలో ఆపి, చక్రాలకి చెక్కలు పెట్టి, కాలవలోకి దిగితే కారు అడుగు నెత్తి మీదుంటుంది. నేల మీద జాకీ పెట్టి ఎత్తుదామంటే మా బురదలో జాకీ దిగిపోతుంది గానీ కారు లేవదు. అందుకని మా వాళ్ళు ఎవరూ నేల మీద కారు విప్పరు.

కాలవలో నీళ్ళు ఎప్పుడుంటాయో, ఎప్పుడుండవో రెజబ్ బాబాయ్ చేతిలో ఉంటుంది. కాలవ నదిలో కలిసే చోట పెద్ద చెక్క తలుపు ఉంది. సముద్రం వెనక్కి పోతున్నప్పుడు దాన్ని ఎత్తి మా నీళ్ళు బయటికి వదుల్తాడు, పోటు వచ్చేముందు దింపి ఉప్పునీళ్ళు లోపలికి రాకుండా ఆపుతాడు. మనిషి తాటిచెట్టంత ఉంటాడు. నోరు కూడా అంతే.

ఆదివారం హాజీ గారింట్లో పెళ్ళి. ఊరు ఊరంతా అక్కడే ఉంది. వంట జమ్రీ బావది. నేను విందుకి వెళ్తుంటే అక్క ఇంటి ముందు కారు దుంగల మీదుంది, అక్క కాలవలో ఉంది.

"అక్కా, పెళ్ళికి రావా?"

"నువ్వెల్లి నా వంతు కూడా తిను. ఈ పాత గొట్టం నన్ను ఒగ్గట్లేదు."

పాదాలు మునిగేంత నీళ్ళలో నిలబడి, లుంగీ ఎగగట్టి, తలకి గుడ్డ చుట్టుకుని, తుప్పు పట్టిన బోల్టుల మీద కొబ్బరి నూనె పోస్తోంది. నూనె తాగి మెత్తబడాలి కదా అని కాసేపు ఆగడం లాంటివి ఆవిడకి తెలియవు. పోస్తూనే తిప్పుతుంది, తిప్పుతూనే తిడుతుంది.

నేను కూరలూ అన్నమూ సుష్టుగా తిని, బావ కట్టిచ్చిన మూట పట్టుకుని తిరిగొచ్చేసరికి పాత గొట్టం ముక్కలై గట్టు మీదుంది. బోల్టులు రాకపోతే రంపంతో కోసేసింది. ఇక అది మళ్ళీ పెట్టేది కాదు. ఆస్పత్రికి పోతే కొత్తదానితో పోవాలి, లేకపోతే లేదు.

కొత్తది మాత్రం ఎక్కట్లేదు. ముందు కొస ఇంజిన్ వైపు గొట్టానికి రెండు బోల్టులతో బిగించాలి. వెనక సైలెన్సరు మూడు రబ్బరు రింగులకి వేలాడాలి. రెండు చేతులతో దాన్ని నెత్తి మీదికి ఎత్తి పట్టుకుంటే బోల్టు పెట్టడానికి మూడో చెయ్యి లేదు. పైగా కాలవ లోతు, మనిషి పొట్టి. మునివేళ్ళ మీద నిలబడితే బురద లోపలికి లాగుతుంది.

"సన్యాసీ, దిగి ఈ బరువు పట్టుకోరా."

"నడుం అక్కా."

"నిజమే, మర్సిపోయాను. అయితే ఆ నడుం అక్కడే కూకోబెట్టు."

అప్పుడే రెజబ్ బాబాయ్ సైకిలు మీద తలుపు వైపు పోతూ కనిపించాడు. మొహం ముడుచుకుని ఉంది. ఊరంతా తిని తాంబూలాలేసుకుంటుంటే, పున్నమి పోటు అని తను విందు మానుకోవాల్సి వచ్చింది మరి.

"బాబాయ్! ఒక్క నిమిసం దిగవా?" అంది అక్క.

"తలుపు దింపాలే. పోటొచ్చేస్తాది."

"ఇంకా టైముందిలే. నీకున్నంత ఎత్తు ఈ ఊళ్ళో ఇంకెవలికుంది సెప్పు? సన్యాసి దగ్గర బావ పంపిన మాంసం కూర ఉంది. ఒక్క బోల్టు పట్టగానే తినెల్దువు గాని."

బాబాయ్ మూట వైపు చూశాడు. నేను కావాలనే మూట కారు బోనెట్ మీద పెట్టి, ముడి కొంచెం వదులు చేశాను. వాసన గాల్లోకి లేచింది. ఆయన సైకిలు గట్టుకి ఆనించి, లుంగీ ఎగగట్టి దిగాడు.

ఆయన దిగాక పని పరుగెత్తింది. భుజం ఆనించి గొట్టాన్ని ఎత్తిపట్టాడు. అక్క వెనక రబ్బరు రింగుల్లో రెండిటికి తగిలించేసింది. ఇద్దరూ తలలు పైకెత్తి ఉన్నారు. కళ్ళల్లో తుప్పు రాలుతోంది. ఒకరినొకరు తిట్టుకుంటున్నారు.

"పైకెత్తు!"

"ఇంకెక్కడికెత్తాలే? కారు లేసిపోతాది!"

"ఎడంపక్కకి!"

"నీ ఎడమా, నా ఎడమా?"

"కారు ఎడమ!"

"కారుకి ఎడమేటి, అదేమైనా మనిషా?"

నేను గట్టు మీద కూర్చుని నవ్వుకుంటున్నాను. బోల్టులూ, వాటి స్ప్రింగులూ పోకుండా అక్క ఒక కొబ్బరి చిప్పలో వేసి, కాలవ పక్కన బురద మెట్టు మీద పెట్టుకుంది. ఆ చిప్ప మెల్లగా కదలడం బాబాయే ముందు చూశాడు.

"సల్బియా, నీ సిప్ప నడుత్తాంది."

"సిప్ప నడవడమేటి?"

"సూడు మరి."

చూశాం ముగ్గురం. చిప్ప మెట్టు మీద నుంచి లేచి, బోల్టులతో సహా, చిన్న పడవలా కారు కింద నుంచి తోట వైపు బయల్దేరింది. పాదాలు మునిగేంత ఉన్న నీళ్ళు ఎప్పుడు పెరిగాయో, బాబాయ్ మోకాళ్ళ దాకా వచ్చేశాయి. అక్కకైతే తొడల దాకా ఉన్నాయి. నేను గట్టున పరిగెత్తి చిప్పని కర్రతో ఆపి పట్టుకున్నాను.

"నా తలుపు!" అని బాబాయ్ ఒక్క అరుపు అరిచాడు. ఊళ్ళోకి ఉప్పునీళ్ళు రాకుండా చూడడానికి జీతమిచ్చి పెట్టుకున్న మనిషి, ఉప్పునీళ్ళలో నిలబడి సైలెన్సర్ మోస్తున్నాడు. "నా కొంప ముంచావు గదే! ఒగ్గేత్తాను, ఎల్లిపోతాను!"

"ఒగ్గేస్తే రింగులు తెగుతాయి. బాబాయ్, మెల్లిగా దించు. మెల్లిగా. ఆఁ, వెనక అలాగే వేలాడనీ, ముందు కొస దుంగ మీద ఆనించు."

ఆయన దించాడు, గట్టెక్కాడు, సైకిలు పట్టుకున్నాడు. అక్క మాత్రం ఎక్కలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నీళ్ళని చూస్తోంది. నాకు భయమేసింది. గొట్టం సగం వేలాడుతోంది, కారు కదలదు, నీళ్ళు పెరుగుతున్నాయి. పోటు తీసేసరికి చీకటి పడిపోతుంది. పొద్దున్న తాత రానంటే రానంటాడు, రమ్మనడానికి కారు కూడా ఉండదు.

"సన్యాసీ, నీ పడవ ఎక్కడుంది?" అంది.

"మలుపులో కట్టాను. ఎందుకు?"

"లాక్కురా."

అప్పటికి నాకు అర్థం కాలేదు. బాబాయ్‌కి మాత్రం అయినట్టుంది, సైకిలు తొక్కబోయినవాడు ఆగి, "వద్దు" అన్నాడు.

"బాబాయ్, తలుపు ఇప్పుడే మూసేయకు. నేను సెప్పినప్పుడు మూయి. పడవలో పడుకుంటాను. నీళ్ళే నన్ను పైకెత్తుతాయి."

"దుంగలకి, పడవకి మజ్జన నలిగి సస్తావే!"

"అందుకే గదా నువ్వున్నావు. హారన్ ఒకసారి కొడితే మూసేయ్. రెండుసార్లు కొడితే ఇంకొంచెం వదులు."

"ఉప్పునీళ్ళు తోటల్లోకి ఎల్తే నన్ను పీకేత్తారు."

"పోటు తియ్యగానే నువ్వే మళ్ళీ బయటికి లాగేస్తావు. ఇన్నేళ్ళ నుంచి ఆ తలుపు ఆడిస్తున్నావు, అంగుళం ఎక్కువా తక్కువా చేయలేవా? చేయలేనంటే ఇప్పుడే సెప్పు, మూసేసి ఇంటికెల్లి పడుకో."

చేయలేవా అంటే రెజబ్ బాబాయ్ తట్టుకోలేడు. నోటికొచ్చినట్టు తిడుతూ సైకిలెక్కి పోయాడు. మూట వైపు కూడా చూడలేదు.

నేను పడవ లాక్కొచ్చాను. మా పడవలు సన్నగా, గోడలు జానెడెత్తులో, అడుగు చదునుగా ఉంటాయి. పొద్దుటి నుంచి ఖాళీగానే ఉంది. దుంగల కింద నుంచి దూర్చి కారు కిందకి నెట్టాను. అక్క స్పానర్లు పొట్ట మీద పెట్టుకుని, గొట్టాల అతుకులో వేసే గాస్కెట్టు రింగుని పళ్ళ మధ్య కరిచి పట్టుకుని, వెల్లకిలా పడుకుంది. గొట్టం ముందు కొస తన గుండెల మీదికి లాక్కుంది. నేను కారు తలుపు తీసి, హారన్ మీద చెయ్యేసి కూర్చున్నాను.

కాసేపటికి పడవ మెల్లగా లేవడం తెలిసింది. జాకీకైతే కిర్రుకిర్రు చప్పుడుంటుంది, ఊపుంటుంది. నీళ్ళకి అవేం లేవు. కారు అడుగు తనే వచ్చి ఆవిడ చేతులకి దగ్గరైంది. ఇందాక మునివేళ్ళ మీద నిలబడ్డా అందనిది, ఇప్పుడు పడుకున్న మనిషి మొహం ముందుంది.

"ఎలా ఉందక్కా?"

గాస్కెట్టు నోట్లో ఉంది కాబట్టి ఏదో ఊఁ అంది. తర్వాత అది తీసి గొట్టాల మధ్య పెట్టినట్టుంది, మాట వచ్చింది. "ఇంకొంచెం కావాలి. రెండు కొట్టు."

రెండుసార్లు కొట్టాను. ఆ హారన్ మామూలుది కాదు, గట్టు ఆ కొస నుంచి ఈ కొస దాకా వినపడుతుంది. అటు తలుపు దగ్గర బాబాయ్‌కి వినపడిందో లేదో గానీ, హాజీ గారింట్లో ముందు వినపడింది. పెళ్ళికొడుకు వాళ్ళ బళ్ళు వచ్చాయనుకుని డప్పులవాళ్ళు డప్పులందుకున్నారు. కారు కింద నుంచి అక్క నవ్వు వినపడింది. "మనకే వాయిస్తున్నార్రా! కానీ, ఆ సిప్ప ఇటియ్యి."

చిప్ప అందించాను. ఒక బోల్టు పట్టింది. రెండోది తిరగడం మొదలైంది. పడవ అంచు మాత్రం దుంగ దగ్గరికి వచ్చేస్తోంది. జానెడు ఖాళీ కాస్తా బెత్తెడైంది. పడవ దుంగ కింద ఇరుక్కుంటే ఇక పైకి లేవదు, నీళ్ళు అంచు దాటి లోపలికొస్తాయి. ఆవిడ ఆ పక్కకే చూడట్లేదు.

"అక్కా, దుంగ!"

"తెలుసు."

"అక్కా!"

"నాలుగు చుట్లు ఉన్నాయి, నువ్వు అరిస్తే ఎక్కువవుతాయి. కొట్టు!"

ఒకసారి కొట్టాను. డప్పుల చప్పుడులో పోయిందేమోనని భయమేసి చెయ్యి తియ్యకుండా నొక్కిపెట్టాను. నీళ్ళు ఇంకా లేస్తున్నాయి. పడవ కొస దుంగకి తగిలి గీరుకున్న చప్పుడు అయింది. నేను కారు దిగి, అరిగిపోయిన నడుం సంగతి మర్చిపోయి, పడవ మూతి మీద రెండు కాళ్ళూ పెట్టి కిందకి తొక్కాను. అంత బరువు ఎప్పుడూ ఎత్తలేదు, దించలేదు. అప్పుడు నీళ్ళు ఆగాయి. కాలవలో కొట్టుకొస్తున్న ఎండుటాకులు ఉన్నచోటే నిలబడ్డాయి. అటు బాబాయ్ తలుపు దింపేశాడు.

కారు కింద స్పానర్ టక్కుమంది. తర్వాత మూడో రబ్బరు రింగు సైలెన్సర్ కొక్కెంలో పడిన చప్పుడు వచ్చింది.

"అయిపోయింది," అంది అక్క. "ఇక నన్ను లాగు. పడవలు లాగేవోడివే కదా?"

లాగాను. బయటికొచ్చాక లేచి కూర్చుని, కళ్ళలో తుప్పు తుడుచుకుని, కారుకేసి చూసి, "ఏటి, కుదురుగా కూకుంటావా ఇప్పుడు?" అని అడిగింది. తడి లుంగీతోనే సీటెక్కి తాళం తిప్పింది.

ఆ చప్పుడు ఎలా చెప్పాలి? డబడబలు పోయాయి. దాని బదులు గుండెల్లోంచి గుమ్మని వచ్చింది. పులి గొంతు సవరించుకున్నట్టు. కాలవలో నీళ్ళు వణికాయి. అక్క ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత ఇంకోసారి తొక్కింది. ఇంకోసారి. ఆ తర్వాత దిగి, వెనక సీటు మీద బోర్లా పడుకుని, ముక్కు కారు అడుక్కి ఆనించి వాసన చూసింది. నన్నూ చూడమంది. తడి చాపల వాసన తప్ప ఇంకేం లేదు.

బాబాయ్ ఒగరుస్తూ వచ్చాడు. "అంగుళం ఎక్కువ కాలేదు గదా?" అన్నాడు.

"సరిగ్గా ఆపావు బాబాయ్. నీకు తప్ప ఇంకెవలికీ రాదు."

ఆయన బోనెట్ మీద మూట విప్పి, అక్కడే నిలబడి తినడం మొదలుపెట్టాడు. ఇంజిన్ వేడికి కూర కూడా వెచ్చబడింది.

పోటు తీశాక ఆయన తలుపు బార్లా ఎత్తి నీళ్ళు లాగేశాడు. అయినా పల్లంలో ఉన్న రెండు మళ్ళకి ఉప్పు ఎక్కింది. అవి ఎవరివో కాదు, దెరామన్ తాత వంగ మళ్ళు.

సోమవారం పొద్దున్న నేను తోటకి పోతూ చూద్దామని తాత ఇంటి దగ్గర ఆగాను. తాత గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చొక్కా వేసుకోలేదు. రానన్నవాడు చొక్కా ఎందుకు వేసుకుంటాడు? ఒళ్ళో ఒక వాడిపోయిన వంగ మొక్క పెట్టుకున్నాడు. కారు దూరంలో ఉండగానే ఆయన తల ఎత్తి, "ఆ చప్పుడేటి?" అన్నాడు.

"అక్క కారు తాతా."

"సల్బియా కారులో పులి దూరిందా?"

కారు వచ్చి ఆగింది. క్వీ లాన్ అత్త వెనక కూర్చుని ఉంది. రుమాలు మొహానికి కట్టుకోలేదు, ఒళ్ళో పెట్టుకుంది.

అక్క దిగింది. తాత మొక్క ఎత్తి చూపించాడు. "నా మళ్ళకి ఉప్పునీళ్ళు పెట్టింది ఎవలు?"

"నేనే."

"నేనే అంటాది సూడు, సిగ్గూ శరమూ లేదు."

"మొక్కలు నేను మళ్ళీ నాటుతాను. నిన్ను మళ్ళీ నాటలేను. లే, చొక్కా ఏసుకో."

"పొగ?"

"ఎక్కి సూడు. పొగొస్తే మలుపు కాడ దింపేస్తాను, సన్యాసి పడవలో ఇంటికి తెస్తాడు."

తాత నన్ను చూశాడు, నా పడవని తలుచుకున్నట్టున్నాడు. లేచి లోపలికెళ్ళాడు. చాలాసేపు రాలేదు. అక్క ఇంజిన్ ఆపలేదు, పిలవలేదు, కారుకి ఆనుకుని నిలబడింది అంతే. తాత బయటికొచ్చేసరికి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. టోపీ కూడా పెట్టుకున్నాడు.

ముందు సీట్లో కూర్చున్నాడు. అలవాటు ప్రకారం అద్దం దించాడు, మొహం బయటపెట్టాడు. కారు కదిలింది. నేను వెనకే గట్టు మీద నడుస్తున్నాను, నా దారీ అదే. మలుపు దాకా ఆ తెల్ల టోపీ బయటే కనపడింది. మలుపు దగ్గర కారు కొంచెం నెమ్మదించింది. టోపీ లోపలికి పోయింది. తర్వాత అద్దం తిప్పే పిడి తిరిగినట్టుంది, అద్దం మెల్లగా కొంచెం కొంచెంగా పైకి లేచి, పూర్తిగా మూసుకుంది.

అక్క దింపలేదు. మెయిన్ రోడ్డెక్కాక ఒక్కసారి గట్టిగా తొక్కింది. కొంగలన్నీ లేచిపోయాయి.

లోపల ఏమైందో సాయంత్రం నన్ను ఎక్కించుకున్నప్పుడు చెప్పింది.  క్వీ లాన్ అత్త వెనక నిద్రపోయిందట. పట్నం పొలిమేరలో ఒక కుర్రాడి కారు గుర్రుగుర్రుమంటూ పక్కకి వచ్చిందట. తాత ఆ కుర్రాణ్ణి చూసి, అక్కని చూసి, "ఆడికి దారియ్యకు" అన్నాడట.